కిడ్నీ పథ్యం: విశ్రాంతి సిద్ధాంతం ఎంతవరకు నిలిచింది?

కిడ్నీ జబ్బు ఉందని తేలిన ఇంట్లో మందుల కన్నా ముందు మారేది వంట. పప్పు పలచబడుతుంది, గుడ్డు మానేస్తారు, మాంసం ఊసే ఉండదు. మూత్రపిండాల పని యూరియాను బయటికి పంపడం, ఆ యూరియా మాంసకృత్తుల నుంచి పుడుతుంది, కాబట్టి మాంసకృత్తులు తగ్గిస్తే జబ్బుపడ్డ అవయవానికి పని తగ్గి విశ్రాంతి దొరుకుతుంది అన్నది దీని వెనక ఉన్న తర్కం. వినగానే సబబుగానే తోస్తుంది. జ్వరానికి లంఖణం అలవాటైన సమాజానికి మరీ సబబుగా తోస్తుంది. దీన్ని సిద్ధాంతంగా నిలబెట్టి, ప్రయోగశాలలో కొలిచి, రోగుల మీద పాటించి చూపినవారిలో ముందు చెప్పుకోవలసిన పేరు థామస్ ఆడిస్. ఆయన తర్వాత వచ్చిన సాక్ష్యమంతా కలిపి చూస్తే, ఆడిస్ చూపిన దిశలో కొంత నిజం ఉందనీ, ఆయన చెప్పిన కారణం మాత్రం నిలవలేదనీ నాకు అనిపిస్తుంది. అంతకన్నా ముఖ్యమైన చిక్కు మరొకటి ఉంది. మూత్రపిండం ఎలా ఉందో చెప్పడానికి మనం వాడే కొలబద్దలు కూడా మాంసకృత్తుల నుంచి, కండ నుంచి తయారైనవే. తిండి మారితే కొలబద్ద కూడా మారుతుంది. ఈ సంగతి మరిచిపోయిన చోటల్లా పథ్యం మేలు చేసినట్టు కనిపిస్తూనే కీడు చేసింది.

ఆడిస్ 1881లో ఎడిన్‌బరోలో పుట్టారు. 1911లో కాలిఫోర్నియాకు వచ్చి స్టాన్‌ఫర్డ్ వైద్య కళాశాలలో చేరారు. ఆ కళాశాల అప్పట్లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉండేది. మొదట రక్తం గడ్డకట్టని జబ్బు హీమోఫీలియా మీద పనిచేసిన ఆయన, తర్వాతి జీవితమంతా బ్రైట్ వ్యాధికే ఇచ్చేశారు. మూత్రంలో ఆల్బుమిన్ పోవడం, ఒళ్లు వాచడం, చివరకు మూత్రపిండాలు చెడిపోవడం, ఇవన్నీ అప్పట్లో ఆ ఒక్క పేరు కిందికే వచ్చేవి. 12 గంటల మూత్రం పట్టి అందులోని రక్తకణాలనూ, మూత్రపిండ నాళికల్లో గట్టిపడిన అచ్చులైన కాస్టులనూ లెక్కపెట్టే పద్ధతి చాలాకాలం ఆయన పేరు మీదే 'ఆడిస్ కౌంట్'గా నడిచింది. గంటలో మూత్రంలోకి వచ్చిన యూరియాను రక్తంలో ఉన్న యూరియాతో భాగించి చూడాలని ఆయన పట్టుబట్టారు. 1928లో వాన్ స్లైక్ బృందం 'క్లియరెన్స్' అని పేరు పెట్టిన భావనకు ఇది దగ్గరి చుట్టం. రక్తంలో అంకె ఒక్కటే చూస్తే మోసపోతాం, వచ్చేదీ పోయేదీ రెండూ చూడాలి అన్న క్రమశిక్షణ ఆయన నేర్పిందే. ఆయన అసలు ఘనత ఇక్కడే ఉందని నా ఉద్దేశం. పథ్యం సంగతి తర్వాత.

ఆయన వాదనకు పునాది అంతకు ముందే పడింది. యేల్‌లో చిట్టెండెన్ 1904లో ప్రచురించిన ప్రయోగాల్లో సైనికులు, క్రీడాకారులు, ఆయన స్వయంగా కూడా, అప్పటి జర్మన్ ప్రమాణమైన రోజుకు 118 గ్రాముల ప్రోటీన్‌లో సగం కన్నా తక్కువతో నెలల తరబడి ఆరోగ్యంగా గడిపారు. మరుసటి ఏడు ఆటో ఫోలిన్ ప్రచురించిన పట్టిక ఇంకా పదునైనది. మాంసకృత్తులు దండిగా తిన్న రోజున ఒక మనిషి మూత్రంలో 16.8 గ్రాముల నత్రజని ఉంటే అందులో 14.7 గ్రాములు యూరియా రూపంలోనే ఉంది. పిండిపదార్థం, మీగడ మాత్రమే తిన్న వారం తర్వాత మొత్తం నత్రజని 3.6 గ్రాములకు, యూరియా వాటా 2.2 గ్రాములకు పడిపోయింది. క్రియాటినిన్ మాత్రం 0.58 నుంచి 0.60, దాదాపు కదల్లేదు. అంటే యూరియా తిండిని చూపిస్తుంది, క్రియాటినిన్ ఒంటిని చూపిస్తుంది. ఆడిస్‌కు కావలసిన తీగ ఇక్కడ దొరికింది. యూరియా అంతా తిండి నుంచి వస్తున్నప్పుడు, దాన్ని రక్తంలో ఉన్న పలచని స్థితి నుంచి మూత్రంలోని చిక్కదనానికి తేవడమే మూత్రపిండం చేసే పని అయినప్పుడు, ఆ పనిని పళ్లెంలోనే తగ్గించవచ్చు కదా! ఎలుకల్లో ఒక మూత్రపిండం తీసేస్తే రెండోది పెరిగేది. ప్రోటీన్ ఎక్కువ పెడితే మరింత పెరిగేది. ఈ పెరుగుదలను ఆయన అధిక శ్రమకు గుర్తుగా చదివారు.

ఆ పథ్యానికి పేరు తెచ్చిన రోగి రసాయన శాస్త్రవేత్త లైనస్ పౌలింగ్. 1941లో ఆయనకు ఒళ్లంతా వాచి బ్రైట్ వ్యాధి అని తేలింది. ఆ రోజుల్లో అది చాలామందికి మరణశిక్షే. ఆడిస్ ఉప్పు మాన్పించి, ప్రోటీన్ బాగా తగ్గించి, నీళ్లు ఎక్కువ తాగించారు. పౌలింగ్ భార్య ఏవా హెలెన్ ప్రతి పూటా గ్రాములు లెక్కగట్టి వండిపెట్టారు. పౌలింగ్ కోలుకుని, రెండు నోబెల్ బహుమతులు అందుకుని, 1994 దాకా బతికారు. ఈ కథను పథ్యానికి రుజువుగా చెప్పడం పరిపాటి. అయితే ఒక్క రోగి కోలుకోవడంలో పథ్యం పాలెంత, ఉప్పు మానడం పాలెంత, తనంతట తాను తగ్గే రకం జబ్బు కావడం పాలెంత అన్నది ఎవరూ విడదీసి చెప్పలేరు. మూత్రపిండ వాపుల్లో కొన్ని ఏ మందూ లేకుండా మానతాయని ఇవాళ మనకు తెలుసు. ఉప్పు మానడం వల్ల వాపు దిగడం అయితే నిస్సందేహం.

సిద్ధాంతం బీటలు వారింది 'పని' అన్న మాట దగ్గరే. రెండు మూత్రపిండాలూ కలిసి రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడకడతాయి. ఆ వడపోతకు కావలసిన ఒత్తిడి గుండె నుంచి వస్తుంది. మూత్రపిండం సొంతంగా ఖర్చుపెట్టే ప్రాణవాయువులో అధిక భాగం వడగట్టిన సోడియంను మళ్లీ రక్తంలోకి లాగడానికే పోతుందని 1960ల తొలినాళ్ల ప్రయోగాలు చూపాయి. యూరియా చాలావరకు ఆ ప్రవాహంతో పాటు కొట్టుకుపోయేదే. కనుక యూరియాను తగ్గించి మూత్రపిండానికి విశ్రాంతి ఇవ్వడం అన్నది ఆడిస్ లెక్క వేసిన అర్థంలో జరగదు. శరీరంలోని ప్రోటీన్ ఒక నిలవ సరుకు అనీ, తిన్నది అదనం అయితే నేరుగా కాలిపోతుందనీ ఫోలిన్ గీసిన బొమ్మను కూడా రూడాల్ఫ్ షోన్‌హైమర్ భార నత్రజనితో చేసిన ప్రయోగాలు చెరిపేశాయి. ఒంట్లో ప్రోటీన్ అనుక్షణం విరుగుతూ కట్టుకుంటూ ఉంటుంది. తిండిలో తగ్గించినంత మాత్రాన యూరియా ఆగదు. కావలసినంత శక్తి తిండిలో లేకపోతే శరీరం తన కండనే కరిగించి యూరియా చేస్తుంది.

ఆడిస్ 1949లో పోయారు. ఆయన 'గ్లోమెరులర్ నెఫ్రైటిస్' పుస్తకం అంతకు ముందటి ఏడే వచ్చింది. తర్వాత పదిహేనేళ్లకు ఇటలీలో జోర్డానో, ఆయన వెనకే జోవన్నెట్టి, మాజ్జోరే, మూత్రపిండాలు దాదాపు ఆగిపోయిన రోగులకు అతి తక్కువ ప్రోటీన్‌ను, అదీ మేలురకంగా, కావలసినన్ని కేలరీలతో కలిపి పెట్టారు. వాంతులు తగ్గాయి, మత్తు వదిలింది, నోటి వాసన పోయింది. డయాలిసిస్ అందరికీ అందని కాలంలో అది చిన్న విషయం కాదు. ఇక్కడ ఒక తేడాను గట్టిగా పట్టుకోవాలి. రక్తంలో పేరుకున్న మలినాల వల్ల వచ్చే బాధలు తగ్గించడం ఒకటి, మూత్రపిండం చెడిపోయే వేగాన్ని తగ్గించడం మరొకటి. ఇటలీ వైద్యులు చూపింది మొదటిది. దాన్ని ఎవరూ కాదనలేదు. 2007లో ఇటలీ నుంచే వచ్చిన మరో పరీక్షలో 70 ఏళ్లు దాటిన 112 మందిని సగం డయాలిసిస్‌కూ సగం అతి తక్కువ ప్రోటీన్ పథ్యానికీ పంపితే, ఏడాది తర్వాత బతికి ఉన్నవారి శాతం రెండు వైపులా దాదాపు సమానంగా ఉంది. చాలామందికి నెలల తరబడి డయాలిసిస్ వాయిదా పడింది. కానీ వారికి అమైనో ఆమ్లాలకు బదులుగా పనికొచ్చే కీటో ఆమ్లాల మాత్రలు ఇచ్చారు, మధుమేహం లేనివారినే తీసుకున్నారు, నిపుణులు వెన్నంటి ఉన్నారు. ఇంట్లో పప్పు మానేయడంతో దీన్ని పోల్చలేం.

రెండో దానికి, అంటే మూత్రపిండం చెడిపోయే వేగాన్ని తగ్గించగలమా అన్న ప్రశ్నకు, కొత్త ఊపిరి పోసింది బోస్టన్‌లో బారీ బ్రెనర్. 1982లో ఆయన, మేయర్, హోస్టెటర్ రాసిన వ్యాసం విశ్రాంతి సిద్ధాంతాన్ని కొత్త భాషలో తిరిగి నిలబెట్టింది. ఎలుకల మూత్రపిండాల్లో ఆరింట అయిదు వంతులు తీసేస్తే మిగిలిన ఒక్కో వడపోత గుచ్ఛంలో రక్తపు ఒత్తిడి, వడపోత రెండూ పెరుగుతాయి. కొంతకాలానికి అవి మచ్చకట్టి మూసుకుపోతాయి. ప్రోటీన్ తగ్గిస్తే ఆ ఒత్తిడి దిగి, మచ్చలు తగ్గుతాయి. భోజనంలోని ప్రోటీన్ వడపోతను పెంచుతుందని మనుషుల్లోనూ తేలింది. అంటే హాని చేసేది యూరియా మోత కాదు, గుచ్ఛంలో ఒత్తిడి. ఆడిస్ చెప్పిన మందు ఉండిపోయింది, కారణం మాత్రం మారింది. వేటాడి అప్పుడప్పుడు మాత్రమే మాంసం తిన్న పూర్వీకుల మూత్రపిండాలకు రోజూ మూడుపూటలా ప్రోటీన్ విందు కొత్త భారమని కూడా బ్రెనర్ అన్నారు. ఈ భాగం నాకు అంత నచ్చదు. మూత్రపిండం ఒకటి దానం చేసినవారి చరిత్ర దీనికి అడ్డు వస్తుంది. సగం నెఫ్రాన్లు (వడపోత గుచ్ఛం, దాని నాళిక కలిసిన యూనిట్లు) పోయి, మిగిలినవి ఎక్కువ వడకడుతూ దశాబ్దాలు గడిపినా వారిలో అత్యధికులకు ఏమీ కాదు. 2014లో అమెరికాలో లెక్కతీసినప్పుడు పదిహేనేళ్లలో మూత్రపిండాలు పూర్తిగా ఆగినవారు దాతల్లో పదివేలకు సుమారు 31 మంది, వారిలాంటి ఆరోగ్యవంతుల్లో సుమారు 4. ప్రమాదం పెరిగిన మాట నిజమే. కానీ ఎలుకల్లో చూసిన అనివార్యత కాదు.

అసలు పరీక్ష అమెరికా ప్రభుత్వ సహాయంతో జరిగి 1994లో ప్రచురితమైంది. ఎం.డి.ఆర్.డి. అని పిలిచే ఆ అధ్యయనం 585 మంది ఒక మోస్తరు రోగుల్లో సగానికి కిలో బరువుకు 1.3 గ్రాముల ప్రోటీన్, మిగతా సగానికి 0.58 గ్రాములు సూచించింది. జబ్బు ముదిరిన మరో 255 మందిలో 0.58తో 0.28 గ్రాములను పోల్చింది. రెండో దానికి కీటో ఆమ్లాలు కలిపారు. సగటున రెండేళ్లకు కొంచెం పైన చూశారు. మంచి సంగతి ఏమిటంటే, వడపోతను క్రియాటినిన్ మీద అంచనా వేయలేదు, అయొథాలమేట్ అనే పదార్థాన్ని శరీరంలోకి పంపి నేరుగా కొలిచారు. మొదటి గుంపులో తక్కువ ప్రోటీన్ తిన్నవారి వడపోత మొదటి నాలుగు నెలల్లో మిగతావారి కన్నా ఎక్కువ పడిపోయింది, తర్వాత నెమ్మదిగా పడింది. మూడేళ్ల దాకా అంచనా వేస్తే మొత్తం తేడా రుజువు కాలేదు. ముదిరిన గుంపులో అతి తక్కువ ప్రోటీన్‌కు లాభం అంచు మీద ఆగింది. ఈ ఫలితాన్ని పథ్యం పక్షం వారు 'ఇంకొంచెం కాలం చూసి ఉంటే' అని చదివారు, ఎదుటి పక్షం 'లేదు' అని చదివింది. మొదటి నాలుగు నెలల పతనం గుచ్ఛంలో ఒత్తిడి దిగడం వల్ల వచ్చిందన్నది మొదటి పక్షం సమాధానం, అది బలమైనదే. కానీ ఇంకొంచెం కాలం చూశారు కూడా. ముదిరిన గుంపును ఏళ్ల తరబడి వెంబడించి 2009లో చెప్పినదేమంటే, అతి తక్కువ ప్రోటీన్‌కు కేటాయించినవారిలో మూత్రపిండాల ఆయుష్షు పెరగలేదు, మరణాలు మాత్రం ఎక్కువయ్యాయి. ఎందుకు ఎక్కువయ్యాయో ఆ లెక్కల నుంచి తేలదు గానీ, పథ్యం వల్ల పోయేదేమీ లేదు కదా అన్న మాటను మాత్రం అది నిలవనివ్వదు.

ఇక్కడే కొలబద్ద సంగతికి రావాలి. మన ప్రయోగశాల కాగితంపై ఉండే క్రియాటినిన్ కండలోని క్రియాటిన్ నుంచి పుడుతుంది, రోజుకు రెండు శాతం లోపు తనంతట తాను మారిపోతూ. ఆ క్రియాటిన్ కండలో ఫాస్ఫేట్‌తో ముడిపడి ఉంటుందని 1927లో కనిపెట్టింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, ఆయన సహచరుడు సైరస్ ఫిస్కే. అదీ ఫోలిన్ అధిపతిగా ఉన్న హార్వర్డ్ జీవరసాయన విభాగంలోనే. మూత్రపిండాల కథలో సుబ్బారావు పేరు ఎవరూ తలవరు, తలవవలసిన చోటు ఇది. కండ తగ్గితే క్రియాటినిన్ తక్కువ పుడుతుంది. వండిన మాంసం మానేస్తే అందులో నుంచి వచ్చే భాగం కూడా పోతుంది. మూత్రపిండం ఉన్నచోటే ఉన్నా, ఇంకా దిగజారినా, రక్తంలో అంకె తగ్గవచ్చు. యూరియా సంగతి ఇంకా తేలిక, పథ్యం మొదలుపెట్టిన వారంలోనే అది దిగుతుంది. రోగి ఈ రెండు అంకెలూ చూసి సంతోషిస్తాడు. వైద్యుడు తొందరలో ఉంటే ఆయనా సంతోషిస్తాడు. డయాలిసిస్ రోగుల్లో ఈ భ్రమ ఖరీదెంతో 1990లో లౌరీ, లూ చూపించారు. 12,000 మందికి పైగా రోగుల లెక్కల్లో ఆల్బుమిన్ తగ్గినవారే ఎక్కువ చనిపోయారు. క్రియాటినిన్ తక్కువ ఉన్నవారికీ మరణ ప్రమాదం ఎక్కువే, తక్కువ కాదు. శుభ్రమైన రక్తం కాదది, కరిగిపోయిన ఒళ్లు.

ఒక అభ్యంతరం న్యాయమైనది. ఇంత అనుమానం ఉంటే అంతర్జాతీయ మార్గదర్శకాలు ప్రోటీన్ తగ్గించమని ఇప్పటికీ ఎందుకు చెబుతున్నాయి? చెప్పేది ఎంతో చూడాలి. 2024 నాటి అంతర్జాతీయ కిడ్నీ మార్గదర్శకాల సంస్థ కె.డి.ఐ.జి.ఓ. సూచన జబ్బు మూడో దశ నుంచి ఐదో దశ వరకు కిలోకు 0.8 గ్రాముల దగ్గర ఉంచమంటుంది, 1.3 దాటవద్దంటుంది. బలహీనపడిన వృద్ధులకు అంతకన్నా ఎక్కువ ఇవ్వడం గురించి ఆలోచించమంటుంది. అమెరికాలో మూత్రపిండ, పోషకాహార నిపుణులు కలిసి 2020లో ఇచ్చిన సూచన మధుమేహం లేని, స్థిరంగా ఉన్న రోగులకు 0.55 నుంచి 0.60 దాకా వెళ్లింది, అదీ నిపుణుల పర్యవేక్షణలో. డయాలిసిస్ మొదలైనవారికి 1.0 నుంచి 1.2 గ్రాములు తినమంది. 2018 నాటి కాక్రేన్ సమీక్ష కూడా మధ్యస్థంగా తగ్గించడం వల్ల పెద్ద తేడా ఉండకపోవచ్చనీ, అతి తక్కువ చేస్తే డయాలిసిస్‌కు చేరేవారి సంఖ్య బహుశా తగ్గుతుందనీ చెప్పి ఊరుకుంది. ఆరోగ్యంగా ఉన్న మూత్రపిండాలను ప్రోటీన్ పాడుచేస్తుందన్న భయానికి ఆధారం ఇంకా పలచన. అమెరికా నర్సుల అధ్యయనంలో 1,624 మంది స్త్రీలను పదకొండేళ్లు చూస్తే, వడపోత మామూలుగా ఉన్నవారిలో ఎక్కువ ప్రోటీన్‌కూ నష్టానికీ సంబంధం కనిపించలేదు. అప్పటికే కొంచెం తగ్గినవారిలో కనిపించింది, అదీ ముఖ్యంగా పాలు కాని జంతు ప్రోటీన్‌తో. సింగపూర్‌లో 63,000 మందికి పైగా చైనా సంతతి వారిని వెంబడిస్తే ఎర్రమాంసం ఎక్కువ తిన్నవారికే చివరి దశ జబ్బు ఎక్కువ. ఇవి పరిశీలనలు, రుజువులు కావు. అయినా ఎన్ని గ్రాములు అన్నదానికన్నా ఎక్కడి నుంచి వచ్చింది అన్నది ముఖ్యం కావచ్చని ఇవి సూచిస్తున్నాయి.

ఒత్తిడి గురించి బ్రెనర్ చెప్పింది నిజమేనని తేల్చింది పథ్యం కాదు, మాత్రలు. మధుమేహ రోగుల్లో రక్తపోటు మందు క్యాప్టోప్రిల్ మూత్రపిండాల పతనాన్ని తగ్గిస్తుందని 1993లో తేలింది. 2019, 2020లలో మధుమేహానికి వచ్చిన ఎస్.జి.ఎల్.టి.2 మందుల పరీక్షలు కూడా లాభం చూపాయి. రెండు రకాలూ గుచ్ఛంలో ఒత్తిడి దించుతాయి. రెండింటికీ మొదట్లో వడపోత కొంచెం పడి తర్వాత నిలుస్తుంది, అచ్చం ఎం.డి.ఆర్.డి.లో తక్కువ ప్రోటీన్ తిన్నవారి లాగే. ఒత్తిడి దించడానికి కండను పణంగా పెట్టనక్కరలేని దారి దొరికాక పథ్యం మీద మోపే భారం తగ్గాలి. ఆచరణలో తగ్గినట్టు కనిపించదు.

మన పళ్లెం లెక్క వేసి చూద్దాం. 60 కిలోల మనిషికి కిలోకు 0.8 అంటే 48 గ్రాములు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ ఆరోగ్యవంతులకు 2020లో సూచించిన 0.83 కూడా దీనికి ఇంచుమించు సమానమే. రోజుకు 300 గ్రాముల బియ్యంలో సుమారు 24 గ్రాములు, 50 గ్రాముల కందిపప్పులో 11, 200 గ్రాముల పెరుగులో 6, కూరగాయల్లో మూడో నాలుగో. మొత్తం 45. అంటే మాంసం ముట్టని సాధారణ తెలుగు భోజనం ఏ పథ్యమూ లేకుండానే మార్గదర్శకం కిందే ఉంది. అమెరికాలో తగ్గించమన్నది 1.3 నుంచి. మనం తగ్గించేది 0.75 నుంచి. పప్పు ఒక్కటి తీసేస్తే 34 గ్రాములకు వస్తుంది. అది ఎం.డి.ఆర్.డి.లో డైటీషియన్లు దగ్గరుండి పాటింపజేసిన 0.58 కన్నా కాస్త తక్కువే. పైగా బియ్యంలో తక్కువగా ఉండే లైసిన్‌ను పూడ్చేది ఆ పప్పే. కాబట్టి పోయేది పదకొండు గ్రాములు మాత్రమే కాదు, మిగిలిన అన్నంలోని ప్రోటీన్ విలువ కూడా. పప్పులో ఫాస్ఫరస్ ఎక్కువ కదా అన్నది తరచూ వినే ఎదురు మాట. కానీ గింజల్లోని ఫాస్ఫరస్ చాలావరకు ఫైటేట్ రూపంలో ఉండి, మాంసంలోనిది, అంతకు మించి ప్యాకెట్ తిండిలో కలిపేది పట్టినంతగా ఒంటికి పట్టదు. జిమ్‌కు వెళ్తూ పొడి డబ్బాల మీద రోజుకు వంద గ్రాములు దాటించే కుర్రాడికి తగ్గించమని చెప్పడంలో అర్థం ఉంది, అతనికి మూత్రపిండాల జబ్బు ఉంటే. శ్రీకాకుళం జిల్లాలో కొబ్బరి తోటల్లో, జీడితోటల్లో పనిచేసే మనిషికి అదే మాట చెప్పడంలో ఏ అర్థమూ లేదు.

ఆ జిల్లాలోని ఉద్దానం ప్రాంతం సంగతి వేరుగా చెప్పాలి. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం చుట్టుపక్కల పెద్దల్లో సుమారు ఐదో వంతు మందికి దీర్ఘకాలిక మూత్రపిండ జబ్బు ఉందని సర్వేలు చెబుతున్నాయి. వారిలో అధికులకు మధుమేహం, రక్తపోటు కారణాలు కావు, మూత్రంలో ఆల్బుమిన్ కూడా పెద్దగా పోదు. దెబ్బ తగిలేది వడపోత గుచ్ఛాలకు కాదు, నాళికలకూ వాటి మధ్య ఉన్న కణజాలానికీ. ఆడిస్ చూసినది గుచ్ఛాల వాపు. బ్రెనర్ సిద్ధాంతం గుచ్ఛాల్లో ఒత్తిడి గురించి. ప్రోటీన్ తగ్గించడానికి ఉన్న కొద్దిపాటి సాక్ష్యం కూడా ఆ రకం జబ్బుల నుంచి వచ్చిందే ఎక్కువ. దాన్ని ఉద్దానానికి తెచ్చి అతికించడానికి శాస్త్రపరంగా గట్టి ఆధారం లేదు. పథ్యం రాసేముందు రోగి ఏం తింటున్నాడో తెలుసుకోవడానికి 24 గంటల మూత్రంలో యూరియా నత్రజని కొలిస్తే చాలు, స్థిరంగా ఉన్న రోగిలో తిన్న ప్రోటీన్ ఇంచుమించుగా లెక్కకు వస్తుంది. ఖర్చు స్వల్పం. దానితో పాటు నెలకోసారి బరువు, చేతి పట్టు బలం, ఆల్బుమిన్ చూస్తే, యూరియా దిగినప్పుడు అది మూత్రపిండం వల్ల దిగిందా, ఆకలి వల్ల దిగిందా అన్నది తెలుస్తుంది.